గువ్వలచెరువు ఘాట్‌లో ఆరేళ్లు: డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఎలా ఉంది?

కడప నుంచి రాయచోటికి వారానికి మూడుసార్లు వెళ్లొచ్చే పని నాది. ఆరేళ్లుగా కారులో డాట్ 4 గ్రేడు బ్రేక్ ఆయిలే వాడుతున్నాను. దానికి మారడానికి కారణం ఒక మే నెల మధ్యాహ్నం.

కారు నిండా మనుషులం. గువ్వలచెరువులో పాలకోవా కట్టించుకుని ఘాట్ దిగుతున్నాం. ముందు లోడు లారీ, దాని వెనకే బ్రేకు మీద కాలు తీయకుండా వస్తున్నాను. ఒక మలుపు దాటగానే పెడల్ మెత్తబడింది. ఇంకాస్త నొక్కితే స్పాంజిలా లోపలికి పోయింది. సెకండ్ గేర్‌కు దించి, గబగబా పెడల్ కొట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో పక్కకు ఆపాను. ముందు చక్రాల దగ్గర మాడిన వాసన. అమ్మ ఒళ్లోని కోవా పొట్లం రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అరగంటకు పెడల్ మళ్లీ గట్టిపడింది. మోసమంతా అక్కడే ఉంది. మర్నాడు మెకానిక్ నొక్కి చూసి "బాగానే ఉంది కదా సార్" అన్నాడు. మూత తీయిస్తే ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ఏళ్ల తరబడి తగ్గినప్పుడల్లా పోయడమే తప్ప మార్చింది లేదు.

"అన్నా, ఉడికింది ఆయిల్ కాదు, అది పీల్చుకున్న నీళ్లు" అని మా తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. డాట్ 4కు కింది గ్రేడైన డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఈ లెక్క 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, కాలి బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది.

వాడు టెక్సాస్‌లో ఇంటి గ్యారేజీలోనే రెండు సీట్ల ఆర్వీ-9ఏ విమానం కట్టుకున్నాడు. దాని ముందు చక్రానికి స్టీరింగ్ ఉండదు. నేల మీద తిప్పాలంటే ఒక పక్క బ్రేకు నొక్కాలి. అడ్డగాలి ఉంటే రన్‌వే చేరేలోపే డిస్క్ కాగిపోతుంది. మొదట్లో 5606 అనే ఎర్రటి మినరల్ ఆయిల్ పోశాడు. దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి నిప్పు అంటుకోగల వేడి, 82 డిగ్రీల దగ్గరే. కాగిన బ్రేకు మీద కారితే మంటే. అందుకే ఫ్లాష్ పాయింట్ 205 డిగ్రీలుండే 83282 అనే ఆయిల్‌కు మారాడు, పాత సీళ్లే సరిపోయాయి. ఆ నైట్రైల్ రబ్బరు సీళ్లకు మన డాట్ ఆయిల్ పడదు, ఉబ్బిపోతాయి. ఆ ఎర్ర ఆయిల్ మన కార్లలో పోసినా సీళ్లు పాడవుతాయి.

డాట్ 4తో ఈ ఆరేళ్లలో పెడల్ ఒక్కసారీ మెత్తబడలేదు. ఆ ఘనతంతా ఆయిల్‌కే ఇవ్వను. ఇప్పుడు ఘాట్ పైనే సెకండ్ గేర్ వేస్తాను, రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా మార్పించి బ్రేకు గొట్టాల్లో గాలి తీయిస్తాను. మార్చకపోతే డాట్ 4 కూడా తేమ పీల్చి డికాక్షన్ అవుతుంది. ఒక ఇబ్బంది ఉంది: చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. సగం వాడి దాచిన సీసా మాత్రం నేను ఎప్పుడూ పోయనివ్వను.

మార్చిన తేదీ కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద మార్కర్‌తో రాయించాను. ఈ నెలతో రెండేళ్లు నిండాయి, ఆదివారం మళ్లీ షెడ్డుకు తీసుకెళ్తున్నాను.