కోవళం, వర్కల, ముల్కి: సర్ఫ్‌బోర్డుతో పన్నెండు రోజులు

ఫిబ్రవరిలో నేనూ మా తమ్ముడూ విజయవాడ నుంచి కారులో బయలుదేరి కోవళం, వర్కల, ముల్కి తిరిగి వచ్చాం. సర్ఫింగ్‌లో ఇద్దరం కొత్తవాళ్లమే. కారు పైన కట్టుకెళ్లిన ఎనిమిది అడుగుల సాఫ్ట్ బోర్డు (పైపొర మెత్తగా ఉండేది) మాత్రం సొంతం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అలలు ఎక్కడ బాగుంటాయో చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. నీళ్లలోంచి వచ్చాక ఆ బోర్డుని ఎక్కడ కడగాలి, ఎక్కడ ఆరబెట్టాలి, రాత్రికి ఎక్కడ ఉంచాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. మా ప్రయాణంలో తేడా వచ్చింది అక్కడే.

ఈ కోవళం కేరళది కాదు. చెన్నైకి దక్షిణంగా, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలర్ల ఊరు. అక్కడ సర్ఫింగ్‌కి దారి వేసింది మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు. ఇప్పుడు నేర్పేవాళ్లలో చాలామంది ఆ ఊరి కుర్రాళ్లే. ఎంత ఓపికగా నేర్పుతారంటే, మూడో రోజుకి మా తమ్ముడు బోర్డు మీద నిలబడ్డాడు. నేర్చుకోవడానికైతే మొదట ఇక్కడికే వెళ్లమంటాను.

మేం తీసుకున్న గది సంగతి వేరు. కిటికీ తెరిస్తే సముద్రమే, కానీ బయట కుళాయి లేదు. బాత్రూమ్ మేడ మీద, మెట్లు ఇరుకు. బోర్డు మీద రెండు చెంబులు పోసి, తడిగానే సంచిలో పెట్టి జిప్పు లాగి, ఎండలో ఉన్న కారులో వదిలేశాం. రెండో రోజు మధ్యాహ్నానికి బోర్డు పైపొర అరచేతంత మేర ఉబ్బింది. లోపలిది థర్మోకోల్ లాంటి ఫోమ్. మూసి ఉన్న కారులో వేడికి అందులోని గాలి వ్యాకోచించి పైపొర అతుకు వదిలేస్తుంది. నాకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది.

మాకు నేర్పే అన్న బొటనవేలితో నొక్కి చూసి, "తంబీ, ఎండలో పెట్టావా?" అన్నాడు. వాళ్ల తాత నూలు వలల కాలంలో తడి వలను ఎప్పుడూ చుట్టి పెట్టేవాడు కాదట, కుళ్లిపోతుందని. ఆ సాయంత్రం దగ్గరుండి కడగడం చూపించాడు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆరినా ఉప్పు పోదు. జిప్పు పళ్లలో, బోర్డు అడుగున ఉండే ఫిన్ల (రెక్కల) స్క్రూల దగ్గర, బోర్డుని కాలికి కట్టే తాడు (లీష్) వెల్క్రోలో పేరుకుంటుంది. అందుకే మంచినీళ్లు ముందుగా పట్టాల్సింది అక్కడే, ఆ తర్వాతే బోర్డుకి. రాష్ గార్డుని (ఒంటికి పట్టి ఉండే సర్ఫింగ్ చొక్కా) బకెట్‌లో రెండుసార్లు నీళ్లు మార్చి ముంచితే చాలు. వేడి నీళ్లు, బట్టలుతికే పొడి, వాషింగ్ మెషీన్ వద్దు. తిరగేసి నీడలో గాలికి ఆరేయాలి. లీష్‌ని బోర్డు తోక చుట్టూ బిగించి చుట్టడం మాకు అలవాటు. అలా చుడితే పడిన మడతలు పోవు, తెగితే అక్కడే తెగుతుంది. చివరన పట్టుకుని కిందికి వేలాడదీయడమే సరైన పద్ధతి.

కేరళలోని వర్కలలో మూడు రాత్రులు. ఎర్రటి కొండ అంచున గది, కింద సముద్రం. చూడటానికి దాన్ని మించింది లేదు. కానీ బోర్డు మోసుకుని ఆ మెట్లు ఎక్కడం కష్టం. బాల్కనీలో ఆరేసిన రాష్ గార్డు ఉప్పు గాలికి తెల్లారినా తడిగానే ఉంది, రెండో రోజుకి వాసన పట్టింది. గదిలో తాడు కట్టి ఫ్యాన్ కింద వేశాక గానీ ఆరలేదు. అక్కడికి సొంత బోర్డు తీసుకెళ్లకండి, అద్దెకు తీసుకోండి.

ముల్కి మా ఇద్దరికీ బాగా నచ్చింది. మంగళూరుకి ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్లు, శాంభవి నది సముద్రంలో కలిసే చోటు. సర్ఫింగ్ స్వామిగా పేరుపడిన జాక్ హెబ్నర్ ఆశ్రమం వల్ల ఈ ఊరు సర్ఫింగ్ లోకానికి తెలిసింది. మేం దిగిన హోమ్‌స్టే మామూలు పెంకుటిల్లు. సముద్రం కనిపించదు, ఏసీ లేదు. అయితే పెరట్లో బావి నీళ్ల పైపు ఉంది, కొబ్బరికాయలు పోసుకునే చావడి ఉంది. ఆ ఇంటి అమ్మ అడక్కుండానే రెండు కర్రలకు గోనెసంచులు చుట్టి ఇచ్చింది, బోర్డు వాటి మీద పడుకోబెట్టమని. బోర్డుని నదిలో ముంచి తెచ్చాం కదా, ఇంక కడగడం ఎందుకు అనుకున్నాం. కానీ నోట్లో పడిన నది నీళ్లు ఉప్పగా ఉన్నాయి. పోటు వేళ సముద్రం నదిలోకి వచ్చే చోటు అది, అక్కడి నీళ్లూ ఉప్పువే.

అక్కడే హైదరాబాద్ నుంచి ఒకతను ఫైబర్ బోర్డుతో వచ్చాడు. కాళ్లు జారకుండా దాని మీద పూసిన మైనం ఎండకు కరిగి ఇసుకతో నల్లబడింది. ప్లాస్టిక్ దువ్వెనతో గీకి, మిగిలినది కొబ్బరి నూనె గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడిగాడు. అడుగున చిన్న పగులు కూడా ఉంది. పగులు కిందికి ఉండేలా పెడితే ఆ రోజంతా చుక్క చుక్కగా నీళ్లు కారాయి. పూర్తిగా ఆరకముందే అతికిస్తే తడి లోపలే ఉండిపోతుంది. పగులు పూడ్చే రెజిన్ (గట్టిపడే జిగురు) కూడా చూసి కొనాలి: థర్మోకోల్ రకం ఫోమ్‌కి ఎపాక్సీయే వాడాలి, పాలిస్టర్ రెజిన్ ఆ ఫోమ్‌ని కరిగించేస్తుంది.

ఇంటికి వచ్చాక బోర్డుని అటక మీద పెట్టలేదు. మే నెలలో మా పై కప్పు కాలిపోతుంది. ఫిన్లు ఊడదీసి, కింది గదిలో మంచం కింద రెండు పాత దిండ్ల మీద పడుకోబెట్టాం. ఆ ఉబ్బు ఇంకా అలాగే ఉంది. సంచి జిప్పు తెరిచే ఉంచుతున్నాం. వచ్చే నెల రుషికొండ వెళ్లాలని ఫోన్ చేస్తే, గది అద్దె కంటే ముందు మా తమ్ముడు అడిగింది బయట కుళాయి ఉందా అని.