రివ్యూలకే ఒక రివ్యూ: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

కుక్కర్లకీ ఇయర్‌ఫోన్లకీ "ఆరు నెలలు వాడాక" అని రివ్యూలు రాస్తుంటాం కదా, నేను వాటన్నిటికంటే ఎక్కువగా వాడింది రివ్యూలనే. సినిమాకి వెళ్లే ముందు, గేమ్ కొనే ముందు, పుస్తకం ఆర్డర్ పెట్టే ముందు చదివినవీ, చూసినవీ, విన్నవీ. కాలేజీలో అంటుకున్న అలవాటు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు వచ్చాక కూడా వదల్లేదు. ముందే చెప్పేస్తున్నా, రివ్యూ చూసి నేను పూర్తిగా మానేసినవి తక్కువ, ఎగబడి కొన్నవీ తక్కువే. అది నా చేత చేయించేది ఎక్కువగా వాయిదా. ఇవాళే థియేటర్‌కి వెళ్దామా నాలుగు వారాలాగి ఓటీటీలో చూద్దామా, ఇప్పుడే కొందామా సేల్ దాకా ఆగుదామా, అక్కడిదాకే దాని పవర్. పుస్తకాల విషయంలో అదీ లేదు, ఆ గోల కింద చెప్తా.

సినిమాతో మొదలుపెడదాం, హైదరాబాద్‌లో ఉంటూ సినిమా ఊసెత్తకపోతే ఎలా. శుక్రవారం మనం పళ్లు తోముకునేలోపే టాక్ వచ్చేస్తుంది. డాలస్‌లో గురువారం సాయంత్రం ప్రీమియర్ పడిందంటే ఇక్కడ అప్పటికి శుక్రవారం తెల్లవారుజాము. అక్కడున్న మా పెద్దమ్మ కొడుకు ఇంటర్వెల్‌లోనే ఫ్యామిలీ గ్రూపులో "ఫస్టాఫ్ ఓకే" అని పడేస్తాడు. ఆ రెండు ముక్కలకే కూకట్‌పల్లి నుంచి మా తమ్ముడి ఫోన్, "అన్నా, టాక్ తేడాగుందంట, టికెట్లు క్యాన్సిల్ చేద్దామా?" అని. ఒరేయ్, ఇంకా సగం సినిమా ఉందిరా!

మార్నింగ్ షో వదిలే టైముకి ప్రసాద్స్ బయట ఒకసారి నిలబడి చూడండి, కొన్ని శుక్రవారాలు లోపలి సినిమా కంటే అదే బాగుంటుంది. ఛానెల్ లోగో తగిలించిన మైకులు పట్టుకుని కుర్రాళ్లు కాచుకుని ఉంటారు, జనం బయటికి రాగానే మీద పడిపోతారు. మాట్లాడేవాళ్లలో కొన్ని ముఖాలు ప్రతివారం అవే, డైలాగులూ అవే: "ఫస్టాఫ్ డీసెంట్, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, సెకండాఫ్ కొంచెం ల్యాగ్, బీజీఎం వేరే లెవెల్." ఓసారి నా పక్క సీట్లో కూర్చున్న అబ్బాయి సెకండాఫ్ అంతా ఫోన్‌లో తల దూర్చి, బయటికొచ్చి కెమెరా ముందు మాత్రం "క్లైమాక్స్‌లో ఏడ్చేశా బ్రో" అన్నాడు. వాడి వెనకాలే మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు, మైకు పెడితే "మాకు బాగుందమ్మా, పాపకి కూడా నచ్చింది" అని వెళ్లిపోయాడు. సాయంత్రం ఆ వీడియో వెతికి చూశా, ఏడ్చినవాడు ఉన్నాడు, పెద్దాయన లేడు.

వెబ్‌సైట్ల రేటింగులది ఇంకో కథ. ఐదుకి 2.5, 2.75, 3, 3.25. మొత్తం తెలుగు సినిమా ఆ ముప్పావు మార్కు సందులోనే ఇరుక్కుని బతుకుతోంది. 2.75 అంటే బాగోలేదని చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చిందని, 3 అంటే ఫ్యాన్స్‌తో గొడవెందుకులే అని, నాకు అలాగే వినిపిస్తుంది. అందుకే అంకె వైపు చూడను, తిన్నగా "మైనస్ పాయింట్స్" దగ్గరికి పోతా. అక్కడ "కామెడీ రొటీన్" అని రాసుంటే మా ఇంట్లో అది ప్లస్సే, మా అమ్మకి కావాల్సింది ఆ రొటీన్ కామెడీనే. "నిడివి ఎక్కువ" అంటే పిల్లల్ని తీసుకెళ్లను. "హింస శ్రుతి మించింది" అంటే సెకండ్ షోకి ఫ్రెండ్స్‌తో పోతా. తిట్టినవాడికి నచ్చనిది ఏమిటో తెలిస్తే చాలు, ఎన్ని మార్కులిచ్చాడో నాకెందుకు?

టికెట్ యాప్‌లో విడుదల రోజు కనిపించే రేటింగ్‌ని అస్సలు పట్టించుకోను. పొద్దున పది మార్కులకి 9 పైన ఉన్నది వారం తిరిగేసరికి ఎక్కడికి దిగుతుందో మీకూ తెలుసు. మొదట ఓటేసేది ఎవరు, అర్ధరాత్రి నుంచీ కాచుకున్న అభిమానులు, లేకపోతే అవతలి హీరో అభిమానులు. ఇక్కడ అసలు తంటా ఏమిటంటే ఆ మొదటి ఓట్లు తర్వాత వచ్చేవాళ్ల మీద కూడా పనిచేస్తాయి. 2013లో సైన్స్ అనే పరిశోధన పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది: ఒక న్యూస్ సైట్‌లో కామెంట్లు పడగానే కొన్నిటికి పరిశోధకులే ఒక లైక్ తగిలించి వదిలేశారు, చివరికి చూస్తే వాటి స్కోరు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. డిస్‌లైక్ తగిలించిన వాటిని మాత్రం జనమే లైకులు కొట్టి సరిచేశారు. అంటే దొంగ తిట్టు కంటే దొంగ పొగడ్తే ఎక్కువ కాలం నిలుస్తుందన్నమాట. పీఆర్ టీములకి ఈ పేపర్ చదవాల్సిన పని లేదు, వాళ్లకి ఎప్పుడో తెలుసు.

మరి రివ్యూలు నిజంగా సినిమాల్ని చంపుతాయా? నిర్మాతలు అవుననే అంటారు. పక్కన తమిళనాడులో 2024లో నిర్మాతల సంఘం హైకోర్టు దాకా వెళ్లింది, మొదటి మూడు రోజులు ఆన్‌లైన్ రివ్యూలు ఆపించండి అని, కోర్టు ఒప్పుకోలేదు. 1997 నాటి ఒక అమెరికా పరిశోధన మాత్రం ఇంకోలా చెప్తుంది. ఎలియాష్‌బర్గ్, షుగన్ అనే ఇద్దరు లెక్క తీస్తే, విమర్శకుల మాట తర్వాతి వారాల వసూళ్లతో, మొత్తం వసూళ్లతో కలిసిందట, ఓపెనింగ్స్‌తో కలవలేదట. విమర్శకుడు సినిమాని ముంచడం కంటే మునగబోయేదాన్ని ముందే చెప్పడమే ఎక్కువన్నది వాళ్ల తీర్మానం. నాకిది నమ్మబుద్ధే అవుతుంది, మన ట్రేడ్ వాళ్లు కూడా శుక్రవారం కలెక్షన్ చూసి పోస్టర్ వేస్తారు గానీ గుండె చిక్కబట్టుకునేది సోమవారం కోసమే.

ఇంకో మాట. 2021 చివర్లో తెలంగాణలో వచ్చిన జీవో ప్రకారం మన మల్టీప్లెక్స్‌లో మామూలు టికెట్ గరిష్ఠంగా 250, జీఎస్టీతో 295. నలుగురికి 1,180, పైన బుకింగ్ ఛార్జీ, పాప్‌కార్న్ ఖర్చు చెప్పి మీ మూడ్ పాడు చెయ్యను. పెద్ద సినిమాకి మొదటి రోజుల్లో రేట్లు పెంచుకోవడానికి పర్మిషన్ ఇచ్చారంటే ఇంకా ఎక్కువ. ఒకసారి లోపలికి వెళ్లాక రీఫండ్ లేదు కాబట్టి రివ్యూకి ఎక్కువ విలువ ఉండాల్సింది ఇక్కడే. కానీ మనం వెళ్లేది రివ్యూ చూసి కాదు, గ్యాంగ్ చూసి. ఆఫీసులో అందరూ వెళ్తుంటే 2.25 అయినా వెళ్తాం, ఎవరూ రాకపోతే 3.5 అయినా ఓటీటీకే. మా ఇంట్లో చెల్లుబాటయ్యే ఒకే ఒక్క రివ్యూయర్ మా వదిన. ఆవిడ "పిల్లలతో వెళ్లొచ్చులే" అన్నదంటే బుకింగ్ అయిపోయినట్టే.

గేమ్స్ దగ్గరికొస్తే నేను వేరే మనిషిని, రివ్యూ మాట శ్రద్ధగా వింటా. పెద్ద గేమ్ అంటే నాలుగు వేలకు అటూ ఇటూ, పైగా రాత్రిళ్లు నిద్ర మానుకుని ఆడాల్సిన గంటలు. పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో 2013 చివర్లో మొదలైన యూజర్ రివ్యూల పద్ధతి నేను చూసినవాటిలో మెరుగైనది. నక్షత్రాల్లేవు, బొటనవేలు పైకో కిందికో, అంతే. పక్కనే ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. ఇది సినిమాలకీ ఉంటే ఎంత బాగుండు, "ఇతను సెకండాఫ్‌లో రీల్స్ చూశాడు" అని! ఇరవై నిమిషాలు ఆడి పొగిడినవాడిని దాటేస్తా, వందల గంటలు ఆడి వేలు కిందికి తిప్పినవాడి దగ్గర ఆగుతా. ఎక్కడ విసుగొస్తుందో, ఏ అప్‌డేట్‌తో పాడైందో, ఎక్కడ డబ్బులు గుంజడం మొదలవుతుందో వాడికే తెలుసు.

ఒక్క జాగ్రత్త, ఆ వేళ్లన్నీ లెక్కేసి స్టీమ్ చూపించే శాతాల్ని మార్కులనుకోవద్దు. 90 శాతం అంటే పదికి తొమ్మిది కాదు, పదిమందిలో తొమ్మిదిమంది "పర్లేదు, ఆడొచ్చు" అన్నారని. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన గేమ్ 95 కొట్టేస్తుంది. కొందరికి ప్రాణం, కొందరికి నరకం అనిపించేది "మిక్స్‌డ్"లో పడుతుంది, అంటే 40 నుంచి 69 శాతం మధ్య. నాకు బాగా నచ్చినవి ఆ మిక్స్‌డ్‌లోనే ఎక్కువ దొరికాయి. సినిమా రివ్యూలన్నీ ఒకచోట పోగేసే రాటెన్ టొమాటోస్ సైట్ లెక్కా ఇంతే, 60 శాతం మంది విమర్శకులు సరే అంటే "ఫ్రెష్" అని ముద్ర, ఎంత గట్టిగా అన్నారన్నది అక్కడ కనపడదు.

రివ్యూ నిజమే అయినా మనకి పనికిరాని సందర్భాలూ ఉంటాయి. సైబర్‌పంక్ 2077 అనే గేమ్ సంగతే చూడండి. 2020 డిసెంబర్‌లో విడుదలకి ముందు రివ్యూయర్ల చేతికి వచ్చింది పీసీ వెర్షన్, ఆ రివ్యూల్లో ఎగబడి పొగిడారు. ప్లేస్టేషన్ లాంటి పాత కన్సోళ్ల మీద అదే గేమ్ ఎలా ఆడుతుందో కొన్నాకే జనానికి తెలిసింది, వారం తిరిగేసరికి సోనీ దాన్ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. పొగిడినవాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లు ఆడిందీ జనం ఆడిందీ ఒకటి కాదు, అంతే. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ కథ దీనికి తలకిందులు: 2016 ఆగస్టులో వచ్చినప్పుడు తిట్టని పాపాత్ముడు లేడు, అప్‌డేట్లు ఇస్తూ ఇస్తూ 2024 నవంబర్‌కి స్టీమ్‌లో మొత్తం రివ్యూలన్నీ కలిపి "వెరీ పాజిటివ్" అయింది. మన సినిమావాళ్లు రెండో రోజుకే పావుగంట ట్రిమ్ చేసి, రెండో వారం ఒక పాట కలిపి చేసే ప్రయత్నం కూడా ఇదే గానీ, ఎనిమిదేళ్లు మాత్రం ఎవరు ఆగుతారు.

2024 మేలో హెల్‌డైవర్స్ 2 అనే గేమ్ మీద లక్షల్లో నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, పీసీలో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ అకౌంట్ కలపాల్సిందే అన్నందుకు. రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. గేమ్ ఎలా ఉందో వాటిలో వెతికితే దొరకదు, అది రివ్యూ కాదు, ఇందిరా పార్కు దగ్గర ధర్నా. ధర్నా తప్పని అనను, పనిచేసింది కూడా. ఇక స్కోరు కొనేవాడి జేబుకే కాదు, తయారుచేసినవాడి జేబుకీ తగులుతుంది: ఫాల్అవుట్ న్యూ వెగాస్ గేమ్‌కి, విమర్శకుల మార్కులన్నీ కలిపి ఒకే స్కోరు చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే స్టూడియోకి బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84.

నిజానికి గేమ్స్‌లో నాకు రివ్యూ అవసరం సగం తగ్గించింది రీఫండే. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడితే స్టీమ్ డబ్బులు వెనక్కిస్తుంది. ఇప్పుడు నేను రివ్యూలో చూసేది ఆ రెండు గంటల తర్వాత ఏమవుతుందనే.

ఇక పుస్తకాలు. షాపింగ్ సైట్‌లో తెలుగు పుస్తకం కింద రివ్యూలు ఎప్పుడైనా చదివారా? "ప్యాకింగ్ సూపర్, రెండు రోజుల్లో వచ్చింది, ఐదు స్టార్లు." "అట్ట మడత పడింది, ఒక స్టారు." పుస్తకం లోపల ఏముందో ఒక్కడు చెప్పడు. ఇలాగే మంచి స్టార్లున్న నవల ఒకటి తెప్పించుకుంటే, మధ్యలో ఒక ఫారం మొత్తం, పదహారు పేజీలు, రెండుసార్లు కుట్టి ఉంది, రావాల్సిన పదహారు పేజీలు లేవు. ఇంతమంది పొగిడారు, ఒక్కరైనా అక్కడిదాకా చదివారా అని అనుమానమొచ్చింది. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో మన ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, ఇష్టమైనవాళ్లే పాటించేది. అది దొంగ రివ్యూల్ని కొంత ఆపుతుందేమో గానీ చదవకుండా రాసేవాడిని ఏం చేస్తుంది?

పాఠకులు పుస్తకాలకి రివ్యూలు రాసే గుడ్‌రీడ్స్ సైట్‌లో చాలా తెలుగు పుస్తకాలకి పట్టుమని పది రివ్యూలుండవు. పుస్తకం.నెట్ లాంటి చోట ఓపిగ్గా రాసినవి దొరుకుతాయి, వాటికి నేను రుణపడి ఉన్నా. మిగతాదంతా ఆవిష్కరణ సభ బాపతే. త్యాగరాయ గానసభలోనో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో వేదిక మీద ఆరుగురు కూర్చుంటారు, ఆరుగురూ మెచ్చుకుంటారు, శాలువాలు, ఫొటోలు. వాటినే నాలుగు పేరాలుగా మారిస్తే రివ్యూ. రచయిత మనవాడైతే గొప్ప రచన, మనవాడు కాకపోతే అసలు ప్రస్తావనే ఉండదు. తిట్టు మాత్రం దొరకదు.

ఈ మొహమాటం వల్ల నష్టం రచయితకే. 2010లో జోనా బెర్గర్ బృందం న్యూయార్క్ టైమ్స్ పుస్తక సమీక్షల్ని అమ్మకాలతో పోల్చి చూసింది. పేరున్న రచయితని తిడితే అమ్మకాలు 15 శాతం తగ్గాయి, ఎవరికీ తెలియని రచయితని తిడితే 45 శాతం పెరిగాయి, అలాంటి పుస్తకం ఒకటుందని జనానికి తెలిసింది కాబట్టి. మన కొత్త రచయితల్లో చాలామంది ఈ రెండో రకమే. ఒక్క ఘాటైన సమీక్ష పడితే వాళ్లకే మంచిది, రాసే ధైర్యం ఎవరికుంది చెప్పండి.

నేనైతే పుస్తకాన్ని చేతిలోకి తీసుకునే కొంటా. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్, కాచిగూడ నవోదయ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. మొదటి పేజీ చదవను, దాని మీద అందరూ శ్రద్ధ పెడతారు. నూట యాభయ్యో పేజీ దగ్గర తెరిచి నిలబడి రెండు పేజీలు చదువుతా, మనుషులు మాట్లాడుకునే తీరు అక్కడ బాగుంటే కొనేస్తా. షాపువాళ్లు ఒకోసారి అదోలా చూస్తారు, చూడనీ.

మా ఆఫీసులో ఒకతను కథల పుస్తకం వేశాడు. "అన్నా, నీకు రివ్యూలు అలవాటే కదా, ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడు. నిజంగానే చదివాను, నిజంగానే బాగున్నాయి, అదే రాశా. మూడో కథ మాత్రం సాగదీశావు, సగానికి కోస్తే బాగుండేది అని కూడా రాశా. చాలా థ్యాంక్స్ అన్నా అని ఫోన్ చేసి మరీ చెప్పి, తన పేజీలో పెట్టుకున్నాడు, ఆ మూడో కథ వాక్యం ఒక్కటి లేపేసి. వచ్చే ఏడాది రెండో పుస్తకం వస్తోందట, ఈసారి ముందుమాట అడుగుతున్నాడు.