సూది పొడిచాక రేటు మార్చే డెంటల్ క్లినిక్‌తో జాగ్రత్త

ఇది రాస్తుంటే కూడా కుడి దవడ లాగుతోంది. పేరు రాయను. మెట్రో పిల్లర్లకి 'ఉచిత చెకప్' బోర్డులు కట్టినవాళ్లే. మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

కింది జ్ఞానదంతం సగమే బయటికొచ్చింది, మిగతా సగం మీద చిగురు మూతలా కప్పుకుని ఉంది. దాని కింద మెతుకులు ఇరుక్కుని ఊరికే వాపు. లవంగ నూనె, ఉప్పునీళ్లు, మెడికల్ షాపు మాత్రలతో ఏడాది నెట్టుకొచ్చాను. ఈసారి నోట్లో రెండు వేళ్లు కూడా పట్టకపోయేసరికి వెళ్లక తప్పలేదు. ఓపీజీ, అంటే పళ్లన్నీ ఒకేసారి కనిపించే దవడ ఎక్స్‌రే తీసి, పన్ను అడ్డంగా పడుకుంది, తీసేయాలి, మొత్తం 6 వేలు అన్నారు. సరేనన్నాను.

ఇంజెక్షన్ ఇచ్చారు. పెదవీ నాలుకా సగం మొద్దుబారాయి, ఎంగిలి గడ్డం మీదికి కారుతోంది. అప్పుడొచ్చింది రిసెప్షన్ అమ్మాయి, అట్ట మీద కాగితంతో. "సర్, బోన్ కట్ చేయాలట. సర్జన్ చార్జీ వేరే, ఇంకో 9 వేలు. ఇక్కడ సైన్ చేయండి."

పన్ను అడ్డంగా ఉందని గంట కిందట స్క్రీన్ మీద చూపించింది వీళ్లే కదా! ఎముక కోయాలని అప్పుడు తెలీదా? అడుగుదామంటే "ఊ... ఆ" తప్ప రావట్లేదు. చేత్తో సైగ చేస్తే, "మత్తు దిగిపోతుంది సర్, తొందరగా" అని నవ్వింది. కుర్చీలో పడుకునే సంతకం పెట్టాను, పడుకునే ఫోన్‌పే కొట్టాను. ఆఫీసులో కొటేషన్లలో రూపాయి తేడా పట్టుకునే మహానుభావుణ్ణి నేను!

మూడో రోజు చెవిదాకా పోటు. ఫోన్ చేస్తే "అలాగే ఉంటుంది సర్, రివ్యూకి 500" అన్నారు. ఎక్స్‌రే అడిగితే ఇవ్వరట. మా బావ నాలుగు తిట్టి అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ హాస్పిటల్‌కి లాక్కెళ్లాడు. గుంటలో నిలవాల్సిన రక్తపు గడ్డ ఊడిపోయింది, డ్రై సాకెట్ అన్నారు. కడిగి, లవంగం వాసనొచ్చే మందు కూరారు. ఆ రాత్రే కాస్త కన్ను మూతపడింది. డ్రై సాకెట్ ఎవరి తప్పూ కాకపోవచ్చు, ఒప్పుకుంటా. వచ్చి చూపించుకోండి, అర్జెంటు అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పడానికేం?

అన్నట్టు, సూది పడకముందే మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి, ఎక్స్‌రే ఫోన్లోకి పంపించుకోండి. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, జ్వరమొచ్చినా నాలాగా మాత్రలతో నెట్టకండి.

మిగతా మూడు జ్ఞానదంతాలూ తీయించుకుంటే కాంబో ఆఫరని నిన్న మెసేజ్ పెట్టారు. ఆ మూడూ ఏ నొప్పీ లేకుండా బంగారంలా ఉన్నాయి.