మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌కి ముందు గూగుల్ ఫామ్ వాడి చూశాను

నిజాంపేటలో మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. అసోసియేషన్ సెక్రటరీగా నాకిది రెండో ఏడు. ఈ ఎండాకాలం మా నీళ్ల సంగతి గూగుల్ ఫామ్ (లింకు పంపి, ఫోన్‌లోనే జవాబులు రాయించుకునే ప్రశ్నల పత్రం) వల్లే తేలింది, అందుకే రాస్తున్నాను.

మార్చి నుంచి రోజుకు నాలుగు ట్యాంకర్లు. వెయ్యి అడుగుల కొత్త బోరు కోసం రెండుసార్లు మీటింగ్ పెట్టాం. రెండుసార్లూ అందరికీ తెలిసిన ట్యాంకర్ బిల్లు గురించే మాట్లాడుకుని లేచాం. ఇది కొత్తేమీ కాదని మా అమ్మాయి తన ఎంబీఏ పాఠం చెప్పింది. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ముగ్గురు అభ్యర్థుల వివరాలను నలుగురేసి విద్యార్థులకు తలా కొంత పంచి, మాట్లాడుకుని ఒకరిని ఎంచుకోమన్నారట. నలుగురికీ తెలిసినవి కలిపి చూస్తే మేలైన అభ్యర్థి ఎవరో తెలిసిపోతుంది. అయినా చాలా గుంపులు ఆ అభ్యర్థిని ఎంచుకోలేదు, మాలాగే అందరికీ ముందే తెలిసిన సంగతుల చుట్టూనే ఎక్కువగా తిరిగారు.

అందుకే మూడో మీటింగ్‌కి ముందు ఫామ్ పంపాను. బోరు కావాలా వద్దా అని అడగలేదు. ఒకటే ప్రశ్న: "నీళ్ల విషయంలో మీరు కళ్లారా చూసింది ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు?" ఈమెయిల్ అడగకుండా పెట్టాను, అద్దెకున్నవాళ్లు కూడా ధైర్యంగా రాశారు. ఒకరి జవాబు ఇంకొకరికి కనబడకుండా కూడా పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ముందు రాసినవాళ్ల వెనకే అందరూ పోరు. ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే చాలు, టైపవుతుంది.

31 జవాబులు వచ్చాయి. ఒకటి మా వాచ్‌మన్ భార్యది, తొమ్మిదో తరగతి చదివే కూతురితో రాయించింది: "రాత్రి మోటర్ బంద్ జేసినంక గూడ సంపుల నీళ్లు తెల్లారేసరికి జానెడు దిగుతున్నయ్ మేడమ్." ఏడాదిగా చూస్తోందట. ఆమెను ఏ మీటింగ్‌కీ మేం పిలవలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటోంది.

మీటింగ్‌లో మొదటి ఇరవై నిమిషాలు జవాబులన్నీ పైకి చదివాను, అప్పటిదాకా ఎవరూ అభిప్రాయం చెప్పకూడదన్నాం. కొత్త బోరు మాట పక్కన పెట్టి, సంపు ఖాళీ చేయించి చూస్తే అడుగున పగులు. 42 వేలతో బాగు చేయించాం. ఇప్పుడు రెండు ట్యాంకర్లు సరిపోతున్నాయి.

ఇబ్బంది లేకపోలేదు. పొడుగు జవాబులన్నీ వచ్చిన వరసలోనే ఉంటాయి, షీట్‌లోకి తీసుకుని సంపు, పైపు, ట్యాంకు అని విడదీయడానికి నాకొక సాయంత్రం పట్టింది. స్మార్ట్‌ఫోన్ లేని ఇద్దరు పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లి అడిగి నేనే నింపాను. పైసా ఖర్చు లేని దానికి ఈ మాత్రం ఓపిక పట్టొచ్చు. నా వరకు 5కి 4.

లిఫ్ట్ మార్చాలా వద్దా అన్నదానికి నిన్ననే ఇంకో ఫామ్ పంపాను. ఈసారి ఇళ్లలో పనిచేసే ఆవిడలకూ, పాలు వేసే అబ్బాయికీ కూడా.