ఆగిన రైడ్ల మధ్య మూడు రోజులు

మొదటి రోజు పొద్దున పదకొండు దాటాక, ఆ పార్కులోకెల్లా పెద్ద రోలర్ కోస్టర్ మమ్మల్ని ఎత్తు మీదికి లాగుతూ లాగుతూ సగంలో ఆగిపోయింది. అప్పటిదాకా కింద నుంచి వస్తున్న టకటక చప్పుడు ఒక్కసారిగా పోయింది. నా పక్కన మా అబ్బాయి, వెనక వరుసలో మా అక్క, ఆమె కూతురు. నాన్నగారు మోకాళ్ల నొప్పి వల్ల రైడ్ ఎక్కకుండా కింద బెంచీ మీద కూర్చున్నారు. అంత దూరం నుంచి ఆయన ముఖం కనబడలేదు గానీ, లేచి నిలబడటం మాత్రం కనబడింది.

అర నిమిషం గడవకముందే స్పీకర్లో ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "రైడ్ ఆగింది. మీరు క్షేమంగా ఉన్నారు. ఒళ్లో ఉన్న కడ్డీలు బిగిసే ఉంటాయి, వాటిని లాగవద్దు. కారణం కనుక్కుని ఐదు నిమిషాల్లో మళ్లీ మాట్లాడతాను." సరిగ్గా ఐదు నిమిషాలకు మళ్లీ మాట్లాడింది, కారణం ఇంకా తేలలేదని చెప్పడానికి. తరువాతి ఐదు నిమిషాలకు, ఇద్దరు ఉద్యోగులు మెట్ల మీదుగా మా దగ్గరికి వస్తున్నారని చెప్పింది. ఆ మూడు రోజుల్లో మాకు ఏడుసార్లు రైడ్లు ఆగాయి. వాటన్నిటి గురించి రాయాలనిపించడానికి కారణం ఆ గొంతే.

ఆ ఇద్దరూ వచ్చి ఒక్కొక్కరి కడ్డీనే విడిపించారు. ఒకరు దిగి మెట్ల మీది చేతిపట్టు పట్టుకున్నాకే రెండోవారిని లేపారు. పిల్లలను మధ్యలో, పెద్దవాళ్లను ముందూ వెనకా నడిపించారు. కింద గేటు దగ్గర మా చేతికి నాలుగు పాసులు ఇచ్చారు. పార్కు నుంచి వెళ్లేలోగా ఏ రోజైనా, ఏ గంటలోనైనా క్యూ లేకుండా ఆ రైడ్ ఎక్కవచ్చని వాటి మీద రాసి ఉంది. మేము అడగలేదు. వాళ్లే ఇచ్చారు.

ఆ సాయంత్రం మా అబ్బాయి వదలకుండా అడిగిన ప్రశ్న ఒకటే: "అమ్మా, అది పాడైపోయిందా, లేక వాళ్లే ఆపారా?" చాలాసార్లు రెండూ కాదు, తనంతట తానే ఆగుతుంది. ట్రాక్‌ను కొన్ని భాగాలుగా విడదీస్తారు. ఒక భాగంలో ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. ముందు భాగం ఖాళీ అయిందని సెన్సార్లు చెబితేనే వెనక బండికి దారి దొరుకుతుంది. ప్రతి భాగం చివరా బండిని నిలపగల చోటు ఒకటి ఉంటుంది. అది బ్రేకు కావచ్చు, పైకి లాగే గొలుసు కావచ్చు, స్టేషను కావచ్చు. ఏదో ఒక సెన్సార్ చెప్పవలసిన క్షణంలో చెప్పకపోయినా, రెండు సెన్సార్ల మాట కలవకపోయినా, కంప్యూటర్ ఊహించి ముందుకు పోనివ్వదు. ప్రతి బండినీ దాని ముందున్న నిలిపే చోటే ఆపేస్తుంది. మేము గొలుసు మీద ఆగింది అందుకే. ఎక్కేటప్పుడు వినిపించే ఆ టకటక కూడా రక్షణ ఏర్పాటే. బండి కింద ఉన్న కొక్కెం, ట్రాక్ పొడవునా ఉన్న పళ్ల మీద ఒక్కొక్కటిగా పడుతూ వస్తుంది. గొలుసు తెగినా బండి వెనక్కి జారదు. బ్రేకుల సంగతీ అంతే. చాలా రైడ్లలో గాలి ఒత్తిడి వాటిని తెరిచి పట్టుకుంటుంది, ఒత్తిడి పోతే అవి మూసుకుంటాయి. శాశ్వత అయస్కాంతాలతో చేసిన బ్రేకులకైతే కరెంటుతో పనే లేదు.

ఇదంతా విన్నాక నాన్నగారు తేలికపడ్డారు. నాకు మాత్రం ఇంకో విషయం గుర్తొచ్చింది. 1884లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నడిపిన తొలినాటి రోలర్ కోస్టర్‌లో బండి ఒక చివరకు చేరగానే అందరూ దిగేవారు. ఉద్యోగులు దాన్ని తిరుగు ట్రాక్ మీదికి తోసి ఎత్తుకు చేర్చాక మళ్లీ ఎక్కేవారు. మధ్యలో దిగి నడవడం అప్పట్లో రైడ్‌లో ఒక భాగం!

మొదటి రోజు లెక్క ఇది: పెద్ద కోస్టర్ గంటన్నర మూత, నీళ్ల రైడ్ రెండుసార్లు, చీకటి గదుల్లో తిరిగే రైడ్ ఒకసారి. నీళ్ల రైడ్ ఒకసారి ఆగింది ఎవరో ఫోను జారవిడుచుకున్నందుకు. ప్రయాణికుల వల్ల ఆగేవి మనం అనుకునేకన్నా ఎక్కువ. వస్తువులు పడటం, ఎవరికైనా వాంతి కావడం, కడ్డీ సరిగ్గా బిగియకపోవడం, బండి కదులుతుండగా ఎవరో లేవబోవడం. జేబులు ఖాళీ చేసుకుని ఎక్కండి. మీ వెనక క్యూలో ఎండలో నిలబడినవాళ్లకు మీరు చేయగల మేలు అది.

క్యూలో ఉండగా రైడ్ ఆగితే నిలబడాలా, వెళ్లిపోవాలా? అక్కకూ నాకూ దీని మీద పెద్ద వాదనే జరిగింది. అక్క వెళ్లిపోదామనే మనిషి, నేను నిలబడే మనిషిని. రెండో రోజుకల్లా ఒక పద్ధతి కుదిరింది. ముందుగా ఆపరేటర్‌ను మర్యాదగా ఒక్కటే అడుగుతాం: "బండ్లు ఖాళీగా తిరుగుతున్నాయా?" బాగుచేశాక మనుషులను ఎక్కించే ముందు ఖాళీ బండ్లను కొన్నిసార్లు తిప్పి చూస్తారు. అవి తిరుగుతున్నాయంటే పని చివరికొచ్చినట్టే, నిలబడవచ్చు. ట్రాక్ పక్కన మెట్ల మీద పనివాళ్లు కనిపిస్తే ఇప్పట్లో తెరవరు, మరో రైడ్‌కు వెళ్లాలి. పిడుగుల వల్ల ఆగితే చివరి ఉరుము తరువాత కూడా చాలాసేపు, తరచుగా అరగంట దాకా, బయటి రైడ్లు కదలవు. ఆ సమయంలో కప్పు కింద ఉండే ప్రదర్శనలకు పోవడమే మంచిది. అందరికీ అదే ఆలోచన వస్తుంది కాబట్టి మొదటి ఉరుముకే కదలాలి.

తిరిగి తెరిచిన మొదటి పావుగంట బంగారం. క్యూ అంతా చెదిరిపోయి ఉంటుంది, పార్కు ఆప్‌లో తెరిచినట్టు చూసి జనం నడిచి రావడానికి సమయం పడుతుంది. రెండో రోజు నీళ్ల రైడ్‌ను అలాగే పది నిమిషాల్లో ఎక్కేశాం. కానీ దీనికి ఒక చిక్కు ఉంది. ఆగిన సమయంలో ఎక్కవలసిన ముందస్తు పాసులవాళ్లంతా ఒక్కసారిగా తిరిగివస్తే వాళ్లనే ముందు పంపుతారు. సాధారణ క్యూ చిన్నదిగా కనబడుతూనే కదలదు. పాసుల గేటు దగ్గర గుంపు ఉందో లేదో చూసి గాని లోపలికి పోవద్దు.

ఇంకొక లెక్క నాకు చాలా ఉపయోగపడింది. బండిలో 24 సీట్లు ఉండి, రెండు బండ్లు నడుస్తూ రెండున్నర నిమిషాలకొకటి బయల్దేరితే గంటకు 576 మంది ఎక్కుతారు. ఒక బండిని తీసేసి, ఐదు నిమిషాలకొకటి పంపితే 288 మందే. మీ ముందు 400 మంది ఉంటే మొదటి లెక్కలో ముప్పావుగంటలోపే, రెండో లెక్కలో గంటా ఇరవై నిమిషాలకు పైనే. క్యూ పొడవు ఒక్కటే చూసి నిర్ణయించకండి. కొన్ని నిమిషాలు ఆగి, ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో లెక్కపెట్టండి. రైడ్ "తెరిచి ఉంది" అని ఆప్ చెబుతుంది, సగం బలంతో నడుస్తోందని చెప్పదు.

బస గురించి. గేటుకు నడిచి వెళ్లేంత దగ్గర హోటల్‌కు ఎక్కువ ఇవ్వాలా, దూరంగా తక్కువలో దొరికేది తీసుకోవాలా అని ఇంట్లో వారం రోజులు చర్చించాం. నాన్నగారి కోసం దగ్గరిదే తీసుకున్నాం. గది మామూలే, కిటికీ గోడ వైపు, లిఫ్టు ఒకటే. అయినా ఆ డబ్బు దండగ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం గాలీ ఉరుములూ వచ్చి బయటి రైడ్లన్నీ మూసినప్పుడు, పది నిమిషాల్లో గదికి చేరి పిల్లలు రెండు గంటలు నిద్రపోయారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి సగం జనం ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మేము ఐదు రైడ్లు ఎక్కాం, ఉదయమంతా కలిపి ఎక్కింది మూడు. రైడ్లు తరచుగా ఆగే పార్కుకు వెళుతుంటే గది అందం కన్నా గేటుకు దూరం చూసుకోమని నేను గట్టిగా చెబుతాను.

మూడో రోజు దగ్గర్లోనే ఉన్న ఒక చిన్న, పాత పార్కుకు వెళ్లాం. చెట్ల నీడ, తక్కువ క్యూలు, నాన్నగారికి నచ్చే నెమ్మదైన రైలు. పొద్దుటి నుంచి అన్నీ చక్కగా నడిచాయి. మధ్యాహ్నం జెయింట్ వీల్ ఆగింది. అక్కా ఆమె కూతురూ పైన, నేను కింద. నలభై నిమిషాలు! స్పీకర్ లేదు. కింద ఉన్న కుర్రాడు ఫోనులో మాట్లాడుతున్నాడు తప్ప మా వైపు తిరగలేదు. ఏమైందని అడిగితే "వస్తుందండీ" అన్నాడు. పైన పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. అక్క ఫోను చేసి "కిందివాళ్లు ఏమంటున్నారు?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు. దించాక ఎవరూ ఏమీ అనలేదు. చక్రం మళ్లీ తిరిగింది, తరువాతివాళ్లు ఎక్కారు.

రెండు పార్కులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆరుసార్లు ఆగిన పార్కుకు మళ్లీ వెళతాను, ఒక్కసారి ఆగిన పార్కుకు వెళ్లను. యంత్రం ఆగడం మీద నాకు కోపం లేదు. అమెరికాలోని న్యూజెర్సీలో కింగ్డా కా అనే రోలర్ కోస్టర్ 2005లో మొదలై 2024లో మూతపడింది. దాని ఎత్తు 139 మీటర్లు, వేగం గంటకు 206 కిలోమీటర్లు ఉండేవి. దాని బండి ఒక్కోసారి శిఖరం దాటలేక వెనక్కి జారేది. అలా జరుగుతుందని ముందే ఊహించి, వెనక్కి వచ్చే బండిని నెమ్మదింపజేసే బ్రేకులను బయల్దేరే దారిలోనే అమర్చారు. కట్టేవాళ్లు అంత ముందుచూపుతో ఉన్నప్పుడు, నడిపేవాళ్లు పైన చిక్కుకున్న తల్లికి రెండు మాటలు చెప్పడానికి ముందుగా సిద్ధపడకపోవడం నన్ను బాధించింది. ఆ మాటలు అప్పటికప్పుడు పుట్టవు, ఉద్యోగులకు నేర్పించాలి. పెద్ద పార్కులో ఆ అమ్మాయి ఐదు నిమిషాలని చెప్పి ఐదు నిమిషాలకే మాట్లాడిందంటే, ఎవరో ఆమెకు నేర్పారు.

పెద్ద పార్కులోనూ ఒక లోటు ఉంది. మా పిల్లలు ఎంతో ఆశపడ్డ కొత్త రైడ్ మేము ఉన్న రెండు రోజులూ తెరవనే లేదు. టికెట్లు కొన్నప్పుడు ఆ మాట ఎక్కడా కనబడలేదు. సహాయ కేంద్రానికి వెళ్లి తేదీలు, టికెట్లు చూపించి, కోపం లేకుండా చెప్పాం. ఏ రైడ్ అయినా ముందస్తు సమాచారం లేకుండా మూయవచ్చని టికెట్ నిబంధనల్లోనే ఉంటుంది కాబట్టి డబ్బు వెనక్కి రాదు. అయినా అక్కడి ఉద్యోగి రెండు రైడ్లకు క్యూ లేని పాసులు ఇచ్చారు. అడిగే సమయం కూడా ముఖ్యం. మూసే వేళకు ఆ కిటికీ ముందు పెద్ద వరుస ఉంటుంది, పాసులు ఇచ్చినా వాడుకునే వేళ ఉండదు. మధ్యాహ్నమే వెళ్లండి.

కొత్త రైడ్ల మీద ఆశ పెట్టుకుని ప్రయాణం కట్టేవాళ్లకు ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో టాప్ థ్రిల్ 2 అనే రైడ్ 2024 మే నెలలో మొదలై, కొద్ది రోజులకే ఆగి, ఆ ఏడాది మళ్లీ తెరుచుకోలేదు. అంత అనుభవం ఉన్న పార్కులోనే అలా జరిగింది. మొదటి నెలల్లో కొత్త రైడ్ ఎక్కగలిగితే అదృష్టం అనుకోవాలి, దాని చుట్టూ సెలవులు పెట్టుకోకూడదు. మరమ్మతుల కోసం ముందే నిర్ణయించుకున్న మూతలను చాలా పార్కులు తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. టికెట్లు కొనే రోజున ఒకసారి, బయల్దేరే ముందు రోజున ఒకసారి ఆ జాబితా చూడండి. మేము ఒకసారే చూశాం.

మొదటి రోజు ఇచ్చిన నాలుగు పాసులను రెండో రోజు చివరి గంటలో వాడాం. అక్క మళ్లీ ఎక్కనంది. ఆమె పాసు నాన్నగారు తీసుకున్నారు. మోకాళ్లకు ఇబ్బంది అవుతుందేమోనని గేటు దగ్గర అడిగితే, ఉద్యోగి నమూనా సీటు చూపించి, ముందు ఇందులో కూర్చుని లేచి చూడండి అన్నారు. నాన్నగారు రెండుసార్లు కూర్చుని లేచారు. మూడోసారి మా అబ్బాయి చెయ్యి పట్టుకుని నేరుగా బండి వైపు నడిచారు.