రెండు వేల ఫాగర్ కంటే ఫంక్షన్‌లో మిగిలిన ఐస్‌క్రీమ్ డబ్బా నయం

ముందే చెప్తున్నా, ఇది ఒక్క వస్తువు రివ్యూ కాదు. పాము కుబుసం సరిగ్గా విడవాలంటే దాని ట్యాంకు గాలిలో తేమ (హ్యుమిడిటీ) సరిపడా ఉండాలి, ఆ తేమ కోసం మూడు కొన్నా, రెండింటి మీద డబ్బులు తగలేశా, ఒకటి పనికొచ్చింది, అసలు పని చేసినదేమో ఊరికే దొరికింది. ఆ లెక్క.

మాది ఒంగోలు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. నా దగ్గర రెండేళ్ల బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) ఉంది, పేరు జంతిక, చుట్ట చుట్టుకుని పడుకుంటే అచ్చం మా అమ్మ చేసే జంతికే. (కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించిందేనండి, వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి బయటి దేశం పాములకి అది తప్పనిసరి. మన దేశం పాముల్ని ఇంట్లో పెంచుకోవడం అదే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, కాబట్టి అన్నా, పొలంలో పాముపిల్ల దొరికింది, ఏం పెట్టాలి అని నాకు మెసేజులు పెట్టొద్దు.)

ఫిబ్రవరిలో జరిగింది ఇదంతా. కుబుసం అంటే మేజోడు తిరగేసి లాగినట్టు మూతి నుంచి తోక దాకా ఒకటే ముక్కగా రావాలి. మా జంతికకేమో ఉల్లిపొట్టులాగా పేలికలు పేలికలుగా ఊడింది, ఎడమ కంటి మీద పొర అలాగే ఉండిపోయింది, తోక చివర ఉంగరంలాగా ఒక చుట్టు బిగిసిపోయింది. కంటి పొర గోరుతో పీకామా కన్నే దెబ్బ తింటుంది, తోక చుట్టు వదిలేశామా ఎండి బిగుసుకుని రక్తం ఆడక ఆ కొస చచ్చిపోతుంది. పరిగెత్తుకుంటూ వెట్ దగ్గరికి పోతే డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, హ్యుమిడిటీ ఎంత పెడుతున్నావ్ అని. ధైర్యంగా 60 శాతం సార్ అన్నా. ఏ మీటరుతో చూశావ్ అన్నారు. అక్కడ దొరికిపోయా.

ఆ మీటరు గాజు ట్యాంకుతో పాటు షాపువాడు అంటగట్టిన ముల్లు మీటరు, 350 తీసుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే ట్యాంకులో 60, హాల్లో 60, వేణ్ణీళ్లు పోసుకున్న బాత్‌రూమ్‌లో పెట్టినా 60! తిరనాళ్లలో చిన్నపిల్లలకి కొనిపెట్టే బొమ్మ వాచీ ఉంటుంది చూడండి, అది. రేటింగ్ సున్నా.

రెండోది ఫాగర్ (నీళ్లని పొగలా చేసి వదిలే మెషీను), 2,100. తోక చుట్టు కంగారులో రాత్రికి రాత్రే ఆర్డర్ పెట్టేశా. చూడ్డానికి మాత్రం సూపర్, భక్తి సినిమాలో కైలాసం సెట్టులాగా పొగ, మా రూమ్మేటైతే వీడియోలు తీసి స్టేటస్‌లు కూడా పెట్టుకున్నాడు. ఆన్‌లో ఉన్నంతసేపు 95, ఆపిన అరగంటకి మళ్లీ 40, ఎందుకంటే నా ట్యాంకు పైన మొత్తం జాలీ మూత, తడంతా పైకి పోతుంది, కింద పరిచిన కొబ్బరి పొట్టు పైపొర మాత్రం చిత్తడి. ఆ చిత్తడి మీదే పాము రోజంతా పడుకుంటే పొట్ట పొలుసులు కుళ్లుతాయి, ఎప్పుడూ తడిగా చల్లగా ఉంటే ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది, ముక్కు దగ్గర బుడగలు, ఈల వేసినట్టు శబ్దం. పైగా మా బిల్డింగులో బోరు నీళ్లు, నాలుగు రోజులకి గాజు మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొడి. ఆర్వో నీళ్లు పోస్తే పొడి ఆగింది కానీ ఫాగర్ నీళ్ల ట్యాంకు వారం కడక్కపోతే జిగురు పడుతుంది, ఆ జిగురులో ఉన్నదంతా పొగతో పాటు పాము ముక్కులోకే కదా.

మూడోది డిజిటల్ మీటరు, 480 రూపాయలు, ఇదొక్కటే కొనమని చెప్తా. కానీ కొనేముందు ఒక్కటి చూసుకోండి, కొన్నిటికి వైరు చివర ఉండేది టెంపరేచర్ సెన్సర్ మాత్రమే, హ్యుమిడిటీ మాత్రం బాడీ దగ్గరే కొలుస్తుంది, అలాంటిది తెచ్చి బాడీ బయట పెట్టారంటే మీ హాలు హ్యుమిడిటీ చూసుకుని మురిసిపోతుంటారు. రాగానే ఉప్పు టెస్ట్ చేశా. సీసా మూతలో ఉప్పు, కొన్ని చుక్కల నీళ్లు, తడి ఇసుకలాగా ఉండాలి కరిగిపోకూడదు, అదీ మీటరూ కలిపి జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారి 75 చూపించాలి. నాది 71 చూపించింది, నాలుగు కలుపుకుని చదువుకుంటున్నా, ఈ ధరకి ఓకే. సెన్సర్‌ని మూతకి కాకుండా ట్యాంకులో హీటర్ లేని చల్లవైపు, పాము పడుకునే ఎత్తులో పెట్టండి, వేడివైపు ఎలాగూ తక్కువే చూపిస్తుంది, గాలి వేడెక్కితే రిలేటివ్ హ్యుమిడిటీ పడిపోతుంది కదా.

ఇక ఫ్రీగా వచ్చింది. అక్క గృహప్రవేశంలో మిగిలిన నాలుగు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా. పక్కన జంతిక పట్టేంత కంత చేసి అంచులు గీసుకోకుండా రుద్ది, ఆర్కిడ్‌లు అమ్మే ఆయన దగ్గర కొన్న స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు పట్టి ఉంచే నాచు) తడిపి, గట్టిగా పిండి, అందులో నింపి, జంతిక దూరి పడుకునేలా ట్యాంకులో పెట్టా. పిండితే చుక్క కారకూడదు, అంతే తడి. జాలీ మూత మూడొంతుల్లో రెండొంతులు వంటింటి ఫాయిల్‌తో మూసేశా. కింద కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నాలుగంగుళాలు వేసి నీళ్లు మూలల్లోనే పోస్తా, అడుగు తడి, పైన పొడి. ఈ మూడింటితో మార్చి మధ్యాహ్నాల్లో కూడా, బెంగళూరు గాలి అప్పడంలా ఎండిపోయే టైములో, 60 కిందకి దిగలేదు. చెన్నై వేళచేరిలో ఉండే ఫ్రెండుకి మాత్రం రివర్స్ బాధ, వాడు బూజుతో కొట్టుకుంటున్నాడు, వాడికి ఈ ఫాయిల్ సలహా ఇస్తే తిట్టాడు.

తోక చుట్టు గోరువెచ్చటి నీళ్లలో అరగంట ఉంచి తడి టవల్‌లోంచి పాకనిస్తే ఊడొచ్చింది. కంటి పొర జోలికి పోవద్దన్నారు డాక్టర్ గారు, పోలేదు. ఏప్రిల్ మొదట్లో మళ్లీ కుబుసానికి ముందు రంగు మాసింది, కళ్లు పాలు కలిపినట్టు నీలంగా అయ్యాయి, హ్యుమిడిటీ 70కి పెంచి, చేత్తో పట్టుకోవడం, తిండి పెట్టడం రెండూ ఆపేశా. ఐదారు రోజులకి కుడి కన్ను తేటపడింది, ఎడమది పాత పొర వల్ల ఇంకా మబ్బుగానే. ఇంకో నాలుగు రోజులకి పొద్దున లేచి చూస్తే డబ్బా బయట కుబుసం, ఒకటే ముక్క! లైటుకి పట్టి చూశా, రెండు కంటి పొరలూ ఉన్నాయి, ఎడమవైపు పాతది కూడా దానికి అతుక్కుని వచ్చేసింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే దండం పెట్టుకుని, పాలు పోస్తున్నావా నాన్నా అంది. ఎలుకలు తింటుందమ్మా అంటే కాల్ కట్.

ఫాగర్ ఇప్పుడు అటక మీద ఉంది, బాక్సుతో సహా. ఎవరికైనా పూజ డెకరేషన్‌కి కావాలంటే సగం ధరకి ఇచ్చేస్తా, పాము ఉన్నవాళ్లకి మాత్రం అమ్మను.