ఫైర్‌మన్‌కి 50లో రిటైర్మెంటా, 60లోనా: ఏది మేలు?

పింఛన్ల మాట ఎత్తినప్పుడల్లా అగ్నిమాపక ఉద్యోగుల ఇళ్ల నుంచి ఇదే ప్రశ్న: తొందరగా దిగిపోయి ఉన్నంతలో సర్దుకోవాలా, 60 దాకా లాగాలా?

అమెరికా ఫెడరల్ అగ్నిమాపక సిబ్బంది 20 ఏళ్ల సర్వీసుంటే 50కి, 25 ఏళ్లుంటే ఏ వయసులోనైనా పింఛనుతో వెళ్లిపోవచ్చు. మామూలుగా 57కి దిగాల్సిందే. పింఛనును మొదటి 20 ఏళ్లకు ఏడాదికి జీతంలో 1.7 శాతం, ఆపైన 1 శాతం చొప్పున లెక్కకడతారు. అంటే 25 ఏళ్లకు 39 శాతం. ఇంకో ఐదేళ్లు మంటల్లోకి దూకినా కలిసేది మరో 5 శాతమే.

బ్రిటన్ దీనికి ఎదురు నడిచింది. 1992 స్కీములో 30 ఏళ్లు చేస్తే చివరి జీతంలో మూడింట రెండు వంతులు వచ్చేది, 25 ఏళ్ల సర్వీసుతో 50కే దిగొచ్చు. 2015 స్కీములో వయసు 60, లెక్క సర్వీసు మొత్తం మీది జీతాల సగటుతో. సమ్మెలు ఊరికే జరగలేదు.

డబ్బు ఒక్కటే చూస్తే 60కే మొగ్గు, పదేళ్ల జీతం అంటే మాటలా! కానీ నా లెక్కలో దీన్ని తేల్చేది ఊపిరి. బ్రిటన్‌లో ఫిట్‌నెస్‌కు సిఫార్సు చేసిన కొలత ఇది: కిలో శరీర బరువుకు నిమిషానికి 42 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలగాలి. పాతికేళ్లవాడికీ అదే, 58 ఏళ్లవాడికీ అదే. మంట వయసు చూసి తగ్గదు కదా. ఈ శక్తి మాత్రం వయసుతో తగ్గుతుంది. వ్యాయామం ఆ జారుడును నెమ్మదింపజేస్తుంది, ఆపలేదు. 54లో పరీక్ష తప్పినవాడికి జబ్బేమీ లేదు, కాబట్టి అనారోగ్య పింఛను దొరకడం కష్టం. స్టేషన్లో కుర్చీ పనులా, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీనికి తోడు పొగ: 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం గురించీ అడుగుతున్నారు. తీర్చాల్సిన అప్పుంటే సరే, లేకపోతే నెలనెలా వచ్చేదాన్ని కోసుకోకండి.

నా ఓటు తొందరగా దిగడానికే. 60 స్కీములో ఇప్పటికే ఉన్నవాళ్లు మాత్రం శాతాలు పక్కనపెట్టి, ఫిట్‌నెస్ తప్పిన రోజున కోత లేని పింఛను ఇస్తారా లేదా అన్న నిబంధన వెతకండి. ఇస్తామని రాతపూర్వకంగా ఉంటే 60తో నాకూ పేచీ లేదు.